నడిమి గోడ

గుడ్ ఫ్రైడే మర్నాడు కనపడింది బీట.
వెంట్రుక అనుకుని కొంగుతో తుడిచాను.
పోలేదు.

పక్క స్థలంలో పైడితల్లినాయుడు గారు
సెల్లారుకి తవ్విస్తున్నారు.
ప్రొక్లెయిన్ పన్ను నేలలో దిగినప్పుడల్లా
మా గిన్నెల అలమర పళ్ళు కొరుకుతుంది.
పోర్టుకెళ్ళే ఖనిజం వేగన్లకీ కొరుకుతుంది గాని
అది నలభై ఏళ్ళ అలవాటు,
నిద్రలో పక్కకి తిరిగినట్టు.

"ప్రతి వార్డుకీ ఒక మనుసుంటాడండీ,
కట్టడాలు చూసీవోడు" అన్నాడు
జిరాక్సు షాపు ఇమ్మానుయేలు.
"ఇంతకీ మీదే వార్డు?"

అదే తెలీదు.
ఇంటిపన్ను రశీదులో ఒక నంబరు,
ఓటరు చీటీలో ఇంకొకటి.
ఎప్పుడో గెడ్డని హద్దనుకున్నారట.
గెడ్డకి సిమెంటు గట్టు కట్టినప్పుడు
నీళ్ళు పదడుగులు అవతలికి జరిగాయి,
కాగితమ్మీద గీత జరగలేదు.
అంచేత మా టీ
ఒక సచివాలయం పరిధిలో కాగి
ఇంకో సచివాలయం పరిధిలో చల్లారుతుంది.

ఆఫీసు గోడ మీద ఫోన్ నంబరు రాశారు.
చివరి అంకె మీద ఎవరో
ట్యూషన్ సెంటరు కాగితం అంటించారు.
గోకితే పెయింటు కూడా ఊడొచ్చింది.
సున్నా నుంచి మొదలెట్టాను.
సున్నాకి చేపల లారీ డ్రైవరు, తుని దాటాడట.
ఒకటికి చిన్న పిల్ల: "తాత తానానికెళ్ళాడు."
రెండు మోగి మోగి ఊరుకుంది.
మూడుకి ఒక పెద్దాయన.
తప్పు నంబరని చెప్పాక కూడా పెట్టెయ్యలేదు.
"బీట వెడల్పెంతమ్మా?"
షిప్‌యార్డులో ముప్ఫై రెండేళ్ళు
ఇనుప పలకలు అతికిన మనిషట.
"కొస దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టి తేదీ వెయ్యండి.
దాటిందో లేదో రోజూ చూడండి."

సరైన అంకె ఎనిమిది.
"మీ ఇల్లు మాకు రాదండి, అవతలి వార్డు."
అవతలి వార్డులో అడిగారు,
"గోడకి ఏ వైపు బీట?"
రెండు వైపులా బాబూ,
అందుకే కదా భయం.
"అయితే ముందు వాళ్ళనడగండి."
వెడల్పెంతని మాత్రం
ఇద్దరూ అడగలేదు.

నేను తేదీలు వేస్తూ పోయాను.
పిల్లల ఎత్తులు రాసిన గోడే అది.
మా స్టెల్లా రెండో క్లాసు గీతని
బీట మంగళవారం దాటింది.
జోజి పచ్చకామెర్లు వచ్చి ఎదగని ఏడాది గీతని
గురువారం.

సోమవారం అర్జీల వరసలో రెండుసార్లు నిలబడ్డాక
ఒకే రోజు ఇద్దరూ వచ్చారు.
కుసుమలత అని ఒకమ్మాయి వీధి గుమ్మంలోంచి,
దిలీపట, అతను పెరటి గుమ్మంలోంచి,
ఎవరి టేపు వాళ్ళు పట్టుకుని.
నడిమి గోడ దగ్గర ఎదురుపడి నవ్వుకున్నారు.
ఒకే గ్రూపులో మూడేళ్ళుగా
రోజూ గుడ్ మార్నింగ్ పెట్టుకుంటున్న వాళ్ళు,
మొహాలు చూసుకోవడం ఇదే మొదలట.
ఒక టేపే చాలింది. చెరో కొస పట్టుకున్నారు.

ఆ అమ్మాయి నేల మీద చతికిలబడి
బీటకి అడ్డంగా చిన్న గాజుముక్క పెట్టి
రెండు చివర్లా ప్లాస్టరు మెత్తింది.
"గోడ కదిలితే ఇది పగుల్తుంది. వెంటనే ఫోన్ చెయ్యండి."
ఎవరికమ్మా?
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
గాజుకి ఇటు ఆమె నంబరు, అటు అతని నంబరు
నా పెన్సిలుతోనే రాసి వెళ్ళారు.

పైడితల్లినాయుడు గారి గేటుకి నోటీసు పడింది.
గోతిలో వాన నీళ్ళు, రెండు కప్పలు.
రాత్రి వేగన్లు వెళ్తుంటే
అలమర పళ్ళు కొరికింది.
నేను లేచి లైటు వేసి గాజు చూశాను.

తెల్లారాక మూడుకి ఫోన్ చేశాను.
"గాజు పెట్టారండీ."
ఆయన కాసేపు ఆగాడు.
"మందం ఎంత?"